ఆకుకు మరొక పేరు

శుక్రవారం చివరి పీరియడు వచ్చిందంటే మా పాఠశాల ఆవరణలో పొగ లేవవలసిందే. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో నేను తెలుగు పండితుడిగా పనిచేస్తున్న రోజులవి. ఆవరణలో పదకొండు వేపచెట్లు, నాలుగు కానుగచెట్లు ఉండేవి. మాఘ ఫాల్గుణాలలో వేప ఆకు రాలడం మొదలైతే నేల కనబడేది కాదు. శ్రమదానమనే పేరుతో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలచేత ఆ ఆకంతా ఊడ్పించి, ప్రహరీగోడ మూలకు చేర్పించి, నిప్పు పెట్టించే బాధ్యత నాది. ఆవరణ అద్దంలాగ ఉండాలని నా పట్టుదల. తనిఖీకి వచ్చిన అధికారులు రెండు మూడు పర్యాయాలు మెచ్చుకొన్నారు కూడా. ఆ మెప్పుతో పట్టుదల మరింత పెరిగింది.

అదే ఆవరణకు దక్షిణం వైపున బడితోట ఉండేది. టమాట, వంగ, గోంగూర, ఒక కరివేపాకు చెట్టు. పిల్లలు చేతిపంపు దగ్గరనుండి బకెట్లతో నీళ్ళు మోసి పోసేవారు. పొద్దున పోసిన నీటి జాడ సాయంత్రానికి ఉండేది కాదు. ఎర్రనేల పైపొర అప్పడంలాగ గట్టిపడి, పెళుసుబారి, పగిలేది. శివరాత్రి దాటిన తరువాత మూడు వారాలు తోట బ్రతికిన సంవత్సరం నాకు గుర్తులేదు. "ఈ నేలలో సారం లేదు" అని ఉపాధ్యాయులమందరం తీర్మానించుకొన్నాము. తోటకు పది గజాల అవతల ప్రతి శుక్రవారమూ మేము తగులబెడుతున్నదేమిటో మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇతరుల మాట ఎలా ఉన్నా నాకు తోచకపోవడానికి సాకు లేదు. ప్రాచ్య కళాశాలలో అమరకోశం వల్లెవేసి వచ్చినవాడిని. వనౌషధి వర్గంలో ఆకుకు అమరసింహుడు చెప్పిన పేర్లు ఆరు. వాటిలో ఛదనము ఒకటి, ఛదము ఒకటి. ఛద్ అనే ధాతువుకు కప్పుట అని అర్థం. ఆచ్ఛాదనము, ప్రచ్ఛన్నము, ఛత్రము అన్నీ ఆ ఇంటి బిడ్డలే. ఏడాకులపొన్నను సప్తచ్ఛదమనడమూ అందుకే. ఛాత్రుడనే మాట కూడా ఆ వంశంలోదే. దాని సంగతి చివర చెబుతాను. ఆకు అంటేనే కప్పు అని పిల్లలకు పర్యాయపదాలు చెప్పేటప్పుడు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెట్టును కప్పుతుంది గనుక ఛదము అని వివరించి, పాఠం ముగించి, గంట కొట్టగానే బయటికి వచ్చి ఆ ఛదాలకు నిప్పు పెట్టించేవాడిని. రాలిన తరువాత అది కప్పవలసింది నేలను అన్న ఆలోచన వ్యుత్పత్తికి అందలేదు.

1993లో అనుకొంటాను, ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు తన వంతు ఆకులను మంట దగ్గరకు తేకుండా కరివేపాకు చెట్టు మొదట్లో పరిచాడు. మొదట బద్ధకమనుకొన్నాను. మరుసటి శుక్రవారమూ అదే పని. పిలిచి అడిగితే, "ఎండకు సార్" అన్నాడు. ఆ రెండు మాటలే. చెట్టు మొదట్లో చెత్త వేసి, పైగా ఎదురు సమాధానమా అని అరచేతిమీద రెండు దెబ్బలు వేశాను. పేము బెత్తం. కరివేపాకు మొదట్లోని ఆకులను వాడిచేతనే తీయించి మంటలో వేయించాను.

2019లో పదవీ విరమణ చేసి, పట్టణం శివారులో అయిదు సెంట్ల స్థలంలో కట్టుకొన్న ఇంటికి వచ్చాము. పెరటిలో పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మళ్ళు నాలుగు చేయించాను. బడితోట కథ మళ్ళీ మొదలయింది. రెండు వేసవులు రెండు తోటలను మింగాయి. కుళాయి నీరు దినం తప్పించి దినం వచ్చేది. వచ్చిన నీటిలో సగం వంగమొక్కలకే పోస్తున్నానని మా ఇంట్లో సణుగుడు. పోసినదంతా ఏమైపోతున్నదో అర్థం కాలేదు.

2022 ఏప్రిల్‌లో పాత విద్యార్థుల ఇంట ఒక గృహప్రవేశానికి పిలుపు వచ్చింది. ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఒక రైతు వచ్చి పాదాలకు నమస్కరించి, తన చీనీతోట చూసి పొమ్మని మోటారుసైకిలు మీద ఎక్కించుకొన్నాడు. మనిషిని పోల్చుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. కరివేపాకు చెట్టు పిల్లవాడు. ఆరెకరాల తోట. నడిపగలు, రెండు గంటల ఎండ. దారి పొడుగునా పొలాలు పెనంలాగ కాలుతున్నాయి. తోటలో అడుగుపెట్టగానే అతడు, "చెప్పులు ఇడిసి నిలబడి చూడండి సార్" అన్నాడు. సంకోచిస్తూనే విడిచాను. పాదాల కింద శెనక్కాయ పొట్టు, మూడంగుళాల మందాన, చెట్ల కింద అంతటా. ఒక చోట చేత్తో తొలగించి చూపించాడు. పొట్టు అడుగుభాగం నల్లబడి, పుట్టగొడుగు దారాల వంటి తెల్లని పోగులతో అల్లుకొని ఉన్నది. దాని కింద మట్టి తడిగా, చల్లగా, వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలుతున్నది. నీరు పెట్టి తొమ్మిది రోజులయిందన్నాడు.

నాకు నోట మాట రాలేదు. బెత్తం సంగతి అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను. పొట్టు ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగి వచ్చేశాను.

అక్కడ చూసినదాన్ని ఇంటికి వచ్చి, చదివి, చేసి, ఇప్పటికి కొంత బోధపరచుకొన్నాను. నేలలోని నీరు రెండు దారులలో పైకి పోతుంది. మొక్క వేళ్ళతో తాగి ఆకుల గుండా వదిలే నీరు ఒకటి. అది మొక్కకు పనిచేసి పోయే నీరు. నేల ముఖంనుండి ఎండ, గాలి నేరుగా లాగుకొనే నీరు రెండవది. అది ఎవరికీ పనిచేయదు. బోసినేలలో మొక్కలు చిన్నవిగా ఉన్నంతకాలం ఈ రెండవ ఖర్చే ఎక్కువ. ఆకో, గడ్డో, పొట్టో రెండు మూడంగుళాలు కప్పితే ఎండ నేలను తాకదు, గాలి తడిని ఒరుసుకొని పోదు. ఎండవలసింది కప్పు; నేల కాదు. ఇంతే రహస్యం.

వాన విషయం ఇంకా విచిత్రమైనది. ఎండకే కప్పు అనుకొన్నాను గాని, మా ఎర్రనేలకు వాననుండి కూడా రక్షణ కావాలి. మా ప్రాంతంలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో చాలా భాగం కొద్దిపాటి గట్టి వానలలో వచ్చి పోతుంది. పెద్ద చినుకు బోసినేలమీద పడితే మట్టి గుళికలు పగిలి, మెత్తని రేణువులు సందులలో దిగి మూసుకొంటాయి. ఆరిన తరువాత అదే అప్పడం పొర. తరువాతి వాన లోపలికి దిగడానికి దారి లేక, పైమట్టిని వెంటబెట్టుకొని కాలువ పడుతుంది. కప్పు ఉంటే చినుకు ఆకుమీద పడి విరిగి, నెమ్మదిగా కిందికి జారుతుంది. బడితోటలో మేము ప్రతివారమూ గునపంతో ఆ పొరను పగలగొట్టేవాళ్ళం. పిల్లల చేతులు బొబ్బలెక్కేవి. పొర ఎందుకు కడుతున్నదని ఎవరమూ అడగలేదు.

వేడిమి విషయంలో నేను స్వయంగా చేసిన పరీక్ష ఒకటి ఉన్నది. ఇంట్లో పాత గాజు జ్వరమాపకం ఉంటే, ఏప్రిల్ మధ్యాహ్నం బోసిమడిలో అంగుళం లోతున గుచ్చాను. పాదరసం 42 గీతదాకా పరుగెత్తి కొస తాకింది. పగులుతుందేమోనని గబుక్కున లాగి, కుండనీళ్ళలో ముంచి విదిలించి, తడి ఆరకముందే కప్పిన మడిలో అంతే లోతున పెట్టాను. 35 దగ్గర మొదలయ్యే మొదటి గీతనైనా అందుకోలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "జ్వరం నేలకా, మీకా?" అన్నది. ఆ జ్వరమాపకాన్ని తిరిగి మందుల పెట్టెలో పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు.

ఆమెతో నాకున్న వివాదం అంతకంటె పెద్దది. ఇల్లు అంటే ఊడ్చిన వాకిలి, కల్లాపి, ముగ్గు. రాలిన ఆకు ఇంటిముందు ఉన్నదంటే ఆ ఇంట ఆడమనిషి లేదనో, మంచాన పడిందనో లోకం అనుకొంటుంది. "పాడుబడిన సత్రంలాగ ఉంది. వచ్చినవాళ్ళు ఏమనుకొంటారు?" అన్నది. పామో తేలో చేరుతుందన్నది. ఈ రెండవ మాటను నేను కొట్టివేయలేకపోయాను. నిజంగానే ఒకనాడు ఎండుటాకుల కింద తేలు కనబడింది. అప్పటినుండి చేయి పెట్టేముందు కర్రతో కదుపుతాను. గోడవార, గుమ్మం దగ్గర మూడడుగులు ఖాళీగా వదులుతాను. చివరికి సంధి కుదిరింది. ఇంటి ముందు నేల ఆమెది, రోజూ ఊడుస్తుంది. ఊడ్చిన ఆకు పెరటిలో నాది. ఇప్పుడు ఎదురింటి వేపాకును కూడా బుట్టకెత్తి, "ఇదిగో మీ సొత్తు" అని తెచ్చి పోస్తుంది.

తొలి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పనులను దాచడం భావ్యం కాదు. మిల్లునుండి రెండు బస్తాల శెనక్కాయ పొట్టు తెచ్చి జ్యేష్ఠమాసంలో పరిచాను. అనంతపురం ఆషాఢపు గాలి సంగతి తెలిసినవారు ఈపాటికే నవ్వుకొంటూ ఉంటారు. రెండు రోజులలో పొట్టంతా పక్కింటి డాబా మీద ఉన్నది. అడుగున పేడనీళ్ళు చల్లి, పైన కొబ్బరిమట్టలో కందికట్టెలో బరువుకు పెట్టాలని తరువాత తెలిసింది. ఒకసారి వాన పడి అణిగిందంటే ఇక లేవదు. పొట్టులో మిగిలిపోయిన పలుకుల కోసం ఉడుతలు వచ్చి మడిని తిరగదోడాయి; వాటితో యుద్ధం వృథా, పలుకులు అయిపోతే అవే పోతాయి.

రెండవ తప్పు నిమ్మమొక్క విషయంలో. ప్రేమతో కాండం చుట్టూ దిబ్బలాగ పోశాను. నెల తిరిగేసరికి మొదట్లో బెరడు మెత్తబడి బంక కారింది, చెద కూడా పట్టింది. మొక్క దక్కలేదు. చీనీ, నిమ్మ జాతికి కాండం ఎప్పుడూ పొడిగా ఉండాలి. నా శిష్యుని తోటలో ప్రతి చెట్టు మొదటికీ పొట్టుకూ మధ్య అడుగున్నర జాగా ఎందుకు వదిలాడో అప్పుడు అర్థమయింది. నీరు తాగే సన్నని వేళ్ళు ఉండేది మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచుదాకా, పైమట్టిలో. కప్పు అక్కడ కావాలి. కూరగాయ మొక్కలకైతే రెండంగుళాలు వదిలితే చాలు.

మూడవది, సగం మగ్గిన పొట్టును ఎరువు కదా అని మట్టిలో కలిపి తవ్వడం. వంగ ఆకులు పసుపుబారాయి. పొట్టులో, రంపపు పొడిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మట్టినుండి లాగుకొంటాయి, మొక్క పస్తుంటుంది. పైన పరిస్తే ఆ లాగులాట పైపొరకే పరిమితం. కాబట్టి పరిచినదాన్ని తవ్వకూడదు. దాన్ని కిందికి తీసుకొనిపోయేవారు వేరే ఉన్నారు: వానపాములు. రెండవ వర్షాకాలానికి నా మడిలో కనబడ్డాయి. ఎక్కడనుండి వచ్చాయో, ఆ నేలలో అంతకుముందు నేను వాటిని చూడలేదు.

విత్తనం వేసిన మడిని వెంటనే కప్పితే మొలక పైకి రాదు. మొక్క జానెడు ఎదిగిన తరువాత, నీరు నిండా పెట్టి కప్పాలి. నీలగిరి ఆకు వద్దు, అది మొలకలను అణచివేస్తుంది. గింజ పట్టిన వయ్యారిభామను తెచ్చి పరిస్తే కలుపును మన చేతులతో విత్తుకొన్నట్లే. వెలుతురు అందక చాలా కలుపు చస్తుంది గాని, తుంగ చావదు. సూదివంటి మొనతో దేన్నయినా పొడుచుకొని వస్తుంది. దానికి నా దగ్గర వేళ్ళు తప్ప వేరే ఆయుధం లేదు.

జపాను రైతు ఫుకువోకా "గడ్డిపరకతో విప్లవం" తెలుగులోకి వచ్చినప్పుడు మిత్రులొకరు నాకు బహూకరించారు. పొలంలో పండిన గడ్డిని పొలంమీదనే చిందరవందరగా పరచమని ఆయన బోధ. చదివి మెచ్చుకొని అలమరలో పెట్టాను. ఇప్పుడు తీసి చదివితే ఒక చిక్కు కనబడుతుంది. కృష్ణా గోదావరి మాగాణులలో వరిగడ్డి మిగులుతుందేమో, కొబ్బరి ఉన్నచోట డొక్కలు, చెరకు ఉన్నచోట ఎండుటాకు మిగులుతాయి. మా సీమలో గడ్డి పశువు ప్రాణం. శెనగచెట్టును పీకి, కాయ కోసి, మిగిలిన కట్టెను వామి వేసి ఏడాదంతా పశువులకు దాచుకొనే ప్రాంతమిది. కరువులో గడ్డి కొనలేక ఎద్దులను సంతకు తోలిన ఇళ్ళు నాకు తెలుసు. ఆవు నోటిముందరిది తీసి నేలకు కప్పమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. పశువు తిననిది ఏదో చూసుకోవాలి. పొట్టు, వేప, కానుగ, చింతాకు, కందికట్టె, ఇంటి అరటి బోదె. అంటే మనం చెత్త అంటున్నదే.

ప్లాస్టిక్ కప్పు సంగతి కూడా అడుగుతారు. వెండి రంగు, నలుపు కలిసిన పలుచని పట్టాలు టమాట, కలింగర పొలాలలో మైళ్ళకొద్దీ మెరుస్తున్నాయి. తేమ ఆపుతాయి, కలుపు ఆపుతాయి, కాదనను. అయితే పంట తీసిన తరువాత వాటి పీలికలు కంపలకు పట్టుకొని ఎగురుతుంటాయి. అది నేలను కప్పుతుంది గాని నేలగా మారదు. నా మడిలో పోసిన పొట్టు ఏడాదిలో సగం కనబడకుండా పోతుంది, మళ్ళీ పోయాలి. ఆ పోవడమే దాని ఉపకారం.

2016 తరువాత రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పేరు గట్టిగా వినబడింది. సుభాష్ పాలేకర్ చెప్పిన నాలుగు అంగాలలో బీజామృతం, జీవామృతం, వాఫసలతోపాటు ఆచ్ఛాదన ఒకటి. పల్లె రైతు నోట "ఆచ్ఛాదన చేసినాం సార్" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. మహాప్రాణం దిగని నాలుకతో "ఆచ్చాదన" అన్నాడు. జీవితమంతా అటువంటి ఉచ్చారణలు దిద్దినవాడిని. దిద్దలేదు. మాట నా దగ్గర ఉన్నది, పని అతని దగ్గర ఉన్నది.

కిందటి వేసవిలో మళ్ళీ ఆ చీనీతోటకు వెళ్ళాను. ఈసారి అడగాలనే వెళ్ళాను. చెట్ల నీడలో చాప వేసి మజ్జిగ ఇచ్చాడు. కొంతసేపు కాపు, ధర, బోరు లోతు మాట్లాడుకొన్నాము. తరువాత అడిగాను. "నాయనా, కరివేపాకు చెట్టుకు ఆకు కప్పినందుకు నిన్ను కొట్టాను, గుర్తుందా? తప్పు నాది" అన్నాను. అతడు నా వంక చూడలేదు. గ్లాసు కడుగుతూ, "దానికి కాదు లేండి సార్. పద్యం అప్పజెప్పలేదని కొట్టినారు. నాకు బాగా గ్యాపకం" అన్నాడు.

పద్యం కాదు. నాకూ బాగా జ్ఞాపకం. ఆ పిల్లవాడు పద్యాలు తప్పు లేకుండా చెప్పేవాడు.

ఛాత్రుడనే మాట సంగతి చివర చెబుతానన్నాను. ఛత్రము, అంటే గొడుగు, స్వభావంగా గలవాడు ఛాత్రుడని పాణిని సూత్రానికి వ్యాఖ్య. శిష్యుని స్వభావం గొడుగెట్లా అయిందంటే, గురువు లోపాలను కప్పుతాడు గనుక అని వ్యాఖ్యాతలు వివరించారు. విద్యార్థిగా ఉన్నప్పుడు అది గురువులు తమకోసం అల్లుకొన్న వ్యుత్పత్తి అని మేము వెనుక బెంచీలో నవ్వుకొనేవాళ్ళం.

వచ్చేటప్పుడు వద్దంటున్నా వినకుండా మూడు బస్తాల పొట్టు కుట్టించి బస్సు పైకి ఎక్కించాడు. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొడుతూ లోపల ఏముందని అడిగాడు. పొట్టు అంటే నమ్మక ఒక బస్తాను గుద్ది చూశాడు.